వేపపిండితో ఐదేళ్ళు: తిరుపతిలో మా లాన్ అనుభవం

తిరుపతిలో ఇల్లు కట్టుకున్నాక ముందువైపు 600 చదరపు అడుగుల్లో లాన్ వేయించాం. 2020లో వేసిన ఆ గడ్డికి ఇంతవరకూ రసాయన పురుగుమందు కొట్టలేదు. మా పాపకు అప్పుడు పాకే వయసు. రోజంతా గడ్డి మీదే ఉండేది, గడ్డి పీకి నోట్లో పెట్టుకునేది. అందుకే వేపగింజల్లోంచి నూనె తీశాక మిగిలే వేపపిండి, వేపనూనె ఎంచుకున్నాం. వేపపిండి మంచిదే. కానీ అదొక్కటే చల్లి ఊరుకుంటే లాన్ నిలవదు.

రెండో ఏడు జులైలో గడ్డి అక్కడక్కడా పసుపు తిరిగింది. నీళ్ళు చాల్లేదేమో అని పొద్దునా సాయంత్రం పట్టాను. ఒకరోజు చేత్తో లాగితే చాప చుట్టినట్టు లేచి వచ్చేసింది, కింద వేళ్ళే లేవు. అడుగు చదరంలో తవ్వి చూస్తే తెల్లగా, ఎర్రటి తలతో, చుట్టలా ముడుచుకున్న వేరుపురుగులు 11. పది కిలోల వేపపిండి చల్లి తడిపాను. నెలైనా మార్పు లేదు. అప్పటికే బాగా లావెక్కిన పురుగుని అది ఏమీ చేయలేకపోయింది.

పలమనేరు దగ్గర మా మామకు వేరుశనగ పొలం ఉంది. ఫోన్‌లో చెప్పగానే, "దాన్ని భూమిలో వెతికితే ఏం లాభం నాయనా? మొదటి వాన పడిన రాత్రి వేపచెట్టు కింద చూడు" అన్నారు. ఆ మాటే మా లాన్‌ను కాపాడింది. ఈ పురుగుల తల్లులు పెంకుపురుగులు. తొలకరి పడగానే పొద్దుగూకే వేళ భూమిలోంచి లేచి వేపాకు తింటాయి, మళ్ళీ మట్టిలోకి దిగి గుడ్లు పెడతాయి. వేప చేదు వాటికి అడ్డే కాదు! మరుసటి ఏడు నుంచి మంచి వాన పడిన మూడు నాలుగు రాత్రులు దోటితో కొమ్మలు దులిపి, రాలినవాటిని కిరసనాయిలు కలిపిన నీళ్ళ టబ్బులో వేస్తున్నాం. వేపపిండి కూడా ఇప్పుడు మే నెలాఖరుకే, గుడ్లు పడకముందే వేస్తాను.

ఒకసారి కొన్న బస్తాలో సగం ఇసుకే వచ్చింది. చేతిలోకి తీసుకుంటే ఘాటైన చేదు వాసన రావాలి, రాకపోతే కొనకండి.

ఆకు కొరికే లద్దెపురుగుకి మాత్రం వేపనూనె బాగా పనిచేసింది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, నీళ్ళలో కలవడానికి కాస్త కుంకుడు రసం. పురుగు చిన్నగా ఉన్నప్పుడే, వారం తేడాతో రెండుసార్లు కొట్టాలి. అదీ పొద్దు వాలాకే. ఎండకు దానిలోని మందు గుణం త్వరగా పోతుంది. ఏప్రిల్‌లో ఒకసారి పట్టపగలు కొడితే మాకు గడ్డి కొసలన్నీ మాడిపోయాయి.

2021 నవంబరు వరదలప్పుడు లాన్‌లో నీళ్ళు నిలిచి ఒక మూల కుళ్ళింది. నీరు పోయేలా కాలువ తీశాం. మగ్గిన పశువుల ఎరువు, వేపపిండి, ట్రైకోడెర్మా (కుళ్ళు తెగులును అడ్డుకునే మేలుచేసే శిలీంధ్రం) కలిపి నీడలో వారంపాటు తడిగా ఉంచి ఆ మూలంతా పరిచాం. చచ్చిన చోట కొన్న గడ్డి బదులు మన గరికే నాటాను. మే ఎండలకి అదే బాగా తట్టుకుంటోంది.

తుంగకి వేప ఏమీ చేయదు. వాన వెలిశాక చిన్న గునపంతో గడ్డతో సహా తీయాల్సిందే, గడ్డ మిగిలితే మళ్ళీ మొలుస్తుంది. ఎండాకాలంలో గడ్డిని రెండు అంగుళాల కంటే కిందికి కోయను, రోజూ పైపైన చల్లే బదులు రెండు మూడు రోజులకోసారి వేరుదాకా తడిసేలా తెల్లవారుజామున పడతాను. మాకైతే పసుపు మచ్చలు తగ్గడానికి వేపనూనె కంటే ఇదే ఎక్కువ పనిచేసింది.

రెండు రోజుల్లో ఫలితం కావాలనుకునేవారికి ఈ పద్ధతి నప్పదు. మాకు గడ్డి సరిగా కుదురుకోవడానికి మూడేళ్ళు పట్టింది. మొన్న జులైలో మళ్ళీ అడుగు చదరం తవ్వి చూశాను. రెండే పురుగులు కనిపించాయి. వాటిని గట్టు మీద పెట్టి పక్కకి జరిగానో లేదో, గోరింకలు వచ్చి ఎత్తుకుపోయాయి.