పంపని ఉత్తరమా, ముఖాముఖి మాటా?

మీరు తిరుపతిలో, అన్న చిత్తూరులో. చేను పంపకం గొడవ ఏళ్లయినా మనసులో తెగలేదు. దారులు రెండు: రాసి పంపకుండా ఉంచుకునే ఉత్తరం, లేదా ఎదురుగా కూర్చుని మాట.

ఖర్చు: ఉత్తరానికి ఒక నోటుపుస్తకం. మాటకు సుమారు 70 కిలోమీటర్ల బస్సు, పైగా ఆయన ఒప్పుకోవాలి.

శ్రమ: ఉత్తరానికి, మనస్తత్వ పరిశోధకులు పెన్‌బేకర్, బీల్ పరీక్షించి 1986లో ప్రచురించిన రాత పద్ధతి ఇది: రోజుకు 15 నిమిషాలు, వరుసగా 4 రోజులు. జరిగింది ఒక్కటే కాదు, అప్పుడేమనిపించిందో కూడా రాయాలి. రాసిన వెంటనే దిగులు పెరగడం మామూలే.

ముప్పు: మాటలో జ్ఞాపకాలు ఢీకొంటాయి. తలుచుకున్నప్పుడల్లా జ్ఞాపకం కొంత మారే వీలుంది, కోపం తగిలిన ముక్కే గట్టిగా నిలుస్తుంది. “ఆరోజు నువ్వే అన్నావు” అని మొదలుపెట్టొద్దు.

ఎవరికేది: మనిషి లేకపోయినా, క్షమాపణ రాదని తెలిసినా ఉత్తరమే. నాన్న చివర్లో ఏమన్నాడో తేలాలంటే మాత్రం ఎంత రాసినా తేలదు. వెళ్లి అడగాల్సిందే, అదీ పండగ భోజనాల దగ్గర కాదు.