డయల్-అప్‌ను చేత్తో కలపడమా, దానంతట అదే కలవనివ్వడమా?

2000 తర్వాతి ఏళ్లలో పర్లాకిమిడిలోని మా ఇంటికి ఒకే టెలిఫోన్ లైను ఉండేది. పాతపట్నం నుంచి మా మేనత్త ఫోను చేయాలన్నా, కంప్యూటరు ఇంటర్నెట్‌కు వెళ్లాలన్నా దారి అదొక్కటే. ఆ లైను మీదే కాల్ చేసి ఇంటర్నెట్‌కు కలిసే పద్ధతిని డయల్-అప్ అనేవారు. కాబట్టి కంప్యూటరును ఫోను లైనుకు కలిపే మోడెమ్ అనే పరికరం ఎప్పుడు డయల్ చేయాలో మనిషి నిర్ణయించాలా, యంత్రం నిర్ణయించాలా అన్నది మాకు సాంకేతిక విషయం కంటే బిల్లు విషయంగానే తోచేది.

చేత్తో కలిపే పద్ధతిలో డయలర్ గుర్తు నొక్కి, మోడెమ్ కీచుమంటూ అవతలి మోడెమ్‌తో వేగం కుదుర్చుకునే దాకా అర నిమిషం ఆగాలి. మనం చెప్పనిదే అది లైను ఎత్తదు. పని అయ్యాక తెంచడం మరిచిపోవడమే ఇందులోని ప్రమాదం.

దానంతట అదే కలిసే పద్ధతికి విండోస్ 98లో ఇంటర్నెట్ ఆప్షన్స్‌లోని కనెక్షన్స్ పేజీలో ఒక్క ఎంపిక మార్చితే చాలు. అయితే మధ్యాహ్నం ఎవరూ అడగకుండా యాంటీవైరస్ కొత్త ఫైళ్ల కోసం బయటికి చూసినా డయలర్ లేచి కూర్చుంటుంది. లినక్స్‌లో డయల్-అప్‌ను నడిపే పీపీపీడీ అనే ప్రోగ్రాముకు 'డిమాండ్' అని చెబితే, అది ముందే సిద్ధంగా ఉండి, బయటికి పోవలసిన మొదటి ప్యాకెట్ (సమాచారపు తునక) కనబడగానే డయల్ చేస్తుంది. ఏ ప్యాకెట్లను లెక్కలోకి తీసుకోకూడదో 'యాక్టివ్-ఫిల్టర్'తో చెప్పవచ్చు. నా దృష్టిలో ఈ ఒక్క సదుపాయంతోనే లినక్స్ ముందుంటుంది.

అసలు చిక్కంతా 'ఐడిల్' అంకెలో ఉంది, అంటే ఎంతసేపు ఏ ప్యాకెట్టూ కదలకపోతే లైను తెంచాలో చెప్పే అంకెలో. 3 నిమిషాలకు ఒక పల్సు (ఫోను బిల్లు లెక్కలో ఒక యూనిట్) పడే లైనులో ఐడిల్‌ను 60 సెకన్లు పెడితే, పేజీ చదువుతుండగానే లైను తెగి, మరో లంకె నొక్కగానే కొత్త కాల్, కొత్త పల్సు మొదలవుతాయి. మోడెమ్‌లు మళ్లీ మాట్లాడుకునే సమయమూ మన ఖాతాలోనే పడుతుంది. 180 సెకన్లు పెడితే, ఉత్తరాలు చూసుకుని ఊరుకున్నవారికి కూడా రెండో పల్సు తప్పదు. మెయిలుకు 60, పేజీలు చదవడానికి 300 అని రెండు అమరికలు వేరుగా ఉంచుకోవడం మేలు.

సరిహద్దు ఊళ్లవారు అప్పట్లో ఇంకొకటి చూసుకోవలసి వచ్చేది. పాతపట్నం కూతవేటు దూరమే అయినా రాష్ట్రం వేరు. ఏ నంబరు లోకల్ కాల్ కిందికి వస్తుందో ఎక్స్ఛేంజిలో అడిగి దానినే డయలర్‌లో పెట్టవలసి ఉండేది. చేత్తో డయల్ చేసేటప్పుడు తప్పు నంబరు వల్ల ఒక్కసారి నష్టం, తనంతట తానే డయల్ అయ్యేటప్పుడు రోజంతా నష్టం.

కంప్యూటరు ఒక్కటే ఉంటే చేత్తో కలపడానికే నా ఓటు. రెండు కంప్యూటర్లు ఒకే మోడెమ్‌ను పంచుకుంటే మాత్రం డిమాండ్ పద్ధతే నయం, ఎందుకంటే లోపలి గదిలో ఉన్నవారు బయటి గదిలోని మోడెమ్‌ను చేత్తో డయల్ చేయించలేరు. మా ఇంట్లో చివరకు అదే పెట్టాము, కాకపోతే మా మేనత్త ఫోను చేసే సాయంత్రం 6 నుంచి 8 వరకు దానిని ఆపి ఉంచేలా క్రాన్‌లో (చెప్పిన వేళకు పని చేయించే లినక్స్ సదుపాయంలో) ఒక వరుసను చేర్చాము.