బొమ్మ కీబోర్డు విప్పాలా, ఒంటితీగ కట్టాలా?

సొంతంగా వాయిద్యాలు చేసుకుందామనుకునే కుర్రాళ్ళు విజయవాడ నుంచి, గుంటూరు నుంచి ఈ మధ్య ఒకే ప్రశ్న అడుగుతున్నారు. మూలన పడ్డ బొమ్మ కీబోర్డు విప్పి సర్క్యూట్ మార్చాలా, ఐసీ (చిప్)తో స్వరం పలికించే ఆసిలేటర్ సర్క్యూట్ కట్టాలా, కర్ర మీద ఒక్క తీగ బిగించి పియెజో (కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే బిళ్ళ) అతికించాలా? సోల్డరింగ్ వచ్చినవాళ్ళే కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మూడూ చవకే, అందుకని ఖర్చు జోలికి పోను. దాని మీద గమకం పలుకుతుందా లేదా అన్నదే నేను చూసేది. మన పాటలో స్వరాన్ని ఊపాలి, పక్క స్వరంలోకి జార్చాలి. అది కుదరని వాయిద్యం మీద రాగం వాయిస్తే ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది.

బొమ్మ కీబోర్డు ఇక్కడే వెనకబడుతుంది. చిప్ వేగాన్ని నిర్ణయించే క్లాక్ రెసిస్టర్ తీసి అక్కడ పొటెన్షియోమీటర్ (తిప్పి మార్చుకునే రెసిస్టర్) పెడితే శృతి జారే మాట నిజమే. కానీ కీలన్నీ కలిసి జారతాయి, చాలా బొమ్మల్లో తాళం వేగం కూడా మారిపోతుంది. వింత శబ్దాలు, గరగరలు కావాలంటే మాత్రం దీనికి సాటి లేదు. బొమ్మల సర్క్యూట్ మార్చి వాయించే ఈ పద్ధతికి పేరు తెచ్చిన రీడ్ గజాలా 1960ల్లో డెస్కు సొరుగులో ఒక చిన్న ఆంప్లిఫయర్ ఇనుముకి తగిలి షార్టయి కూసినప్పుడే ఇందులోకి దిగాడు. కొత్త బొమ్మల్లో చిప్ నల్లటి ముద్ద కింద ఉంటుంది, తాకి చూసే చోట్లు తక్కువ. ఏదైనా సరే బ్యాటరీ మీదే విప్పండి, అడాప్టర్ తగిలించి ఎప్పుడూ వద్దు.

సీడీ 40106 ఐసీ ఒక్కదానితో 6 ఆసిలేటర్లు వస్తాయి. ఒక్కోదానికి ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ చాలు. రెసిస్టర్ బదులు ఎల్‌డీఆర్ (వెలుతురుని బట్టి మారే రెసిస్టర్) పెట్టి పైన చెయ్యి ఆడిస్తే నీడతోనే స్వరం ఊగుతుంది, గమకం నిజంగా వస్తుంది. ఇబ్బంది శృతి నిలవకపోవడం. బ్యాటరీ దిగేకొద్దీ స్వరం మారుతుంది, గదిలో వెలుతురు మారినా మారుతుంది. పక్కన హార్మోనియం ఉంటే కష్టం.

నా ఓటు ఒంటితీగకే. గట్టి చెక్క మీద గిటార్ మొదటి తీగ, 0.010 అంగుళాలది, 65 సెంటీమీటర్ల పొడవున బిగించండి. దాని మామూలు శృతికి తెస్తే సుమారు 7 కిలోల లాగుడు ఉంటుంది, అందుకే పీవీసీ పైపు వంగిపోతుంది. సైకిల్ బ్రేక్ వైరు వాడదామని చాలామంది అడుగుతారు, అది సన్న తీగల పేట కాబట్టి మోత మందంగా ఉంటుంది. తీగని పక్కకి లాగితే వీణలో లాగే స్వరం పైకి పోతుంది. తీగ మీద స్టీలు గొట్టం ముక్క జారిస్తే, మెట్లు లేని వీణ లాంటి గోటువాద్యం పద్ధతి. ఖాళీగా మీటితే శృతి పెట్టుకోవచ్చు. బుర్రకథ నాజర్ పుట్టిన పొన్నెకల్లు ఉన్న గుంటూరు జిల్లాలో తంబురా మీటుతూ కథ చెప్పడం గురించి నేను వివరించక్కర్లేదు.

తీగ కట్టినవాళ్ళలో ఎక్కువమంది నిరాశపడేది పియెజో దగ్గర. పాత కంప్యూటర్ స్పీకర్లకి నేరుగా కలిపి, రేకు మోగినట్టుందని వదిలేస్తారు. తప్పు తీగది కాదు. 27 మిల్లీమీటర్ల పియెజో బిళ్ళ సుమారు 20 నానోఫారడ్ల కెపాసిటర్ లాంటిది. 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్‌కి కలిపితే దాదాపు 800 హెర్ట్జ్ కింద ఉన్నదంతా పలచబడుతుంది, అంటే తీగ అసలు స్వరమే తగ్గిపోతుంది. మధ్యలో 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉన్న ఎఫ్ఈటీ బఫర్ (బిళ్ళ మీద భారం పడకుండా సిగ్నల్ అందించే చిన్న ట్రాన్సిస్టర్ సర్క్యూట్) పెడితే అదే లెక్క 8 హెర్ట్జ్‌కి దిగుతుంది. ఒక ఎఫ్ఈటీ, రెండు మూడు రెసిస్టర్లు, ఒకటి రెండు కెపాసిటర్లు, 9 వోల్టుల బ్యాటరీ, అంతే పని. బిళ్ళని గుర్రం (తీగ ఆనే చెక్క ముక్క) కిందే నొక్కి పెట్టండి, వైర్లు పొట్టిగా ఉంచండి, షీల్డు వైరే వాడండి. లేకపోతే ఫ్యాను వేసినప్పుడల్లా గుర్రుమంటుంది.

పాత ఫోన్లో సింథ్ యాప్ సంగతీ అడుగుతున్నారు. సాధనకి పనికొస్తుంది. ఆటోనగర్ స్క్రాప్‌లో దొరికే డబ్బాలు, రేకులు తాళానికి బాగుంటాయి, వాటికీ ఇదే బిళ్ళ, ఇదే బఫర్.