కాజీపేటలో పది వారాల అక్వినాసు క్లాసు – ఎలా ఉంది?

కాజీపేట వైపు ఒక చర్చి హాల్లో పది శనివారాలు, సాయంత్రం ఆరింటి నుంచి పావు తక్కువ ఎనిమిది దాకా. ఫీజు 500 రూపాయలు. టీ, జిరాక్స్ కాగితాలు అందులోనే. పాఠం కథోలిక తత్వశాస్త్రం, ఎక్కువగా మధ్యయుగపు తత్వవేత్త అక్వినాసు చెప్పింది: ప్రకృతి అంటే ఏమిటి, సుగుణం ఎలా అబ్బుతుంది, సైన్సుతో పొత్తు ఎక్కడ కుదురుతుంది, మనిషి బాగుండటమంటే ఏమిటి. చెప్పేది ఇద్దరు: ఒక ఫాదర్, ఫిజిక్స్ చెప్పి రిటైరైన ఒక సిస్టర్. జ్ఞానస్నానం తీసుకున్నవాళ్లే రావాలన్న నియమమేమీ లేదు.

డబ్బుకు సరిపడా సరుకుంది. పదిలో రెండు వారాలు మాత్రం తప్పుదారి పట్టిస్తాయి. పాఠం నిలబడ్డదీ కూలిందీ చాలాసార్లు తెలుగు మాట దగ్గరే. అందుకే ఈ సమీక్ష ఎక్కువగా మాటల గురించే. కుర్చీలూ ఫ్యాన్లూ ఏ హాల్లోనైనా ఒకటే.

మొదటి వారం చూడండి. లాటిన్‌లో ‘నాతూరా’ అన్నదానికి కాగితంలో ‘ప్రకృతి’ అని వేశారు. హాల్లో సగం మంది చెట్లూ గుట్టలూ అనుకున్నారు. సాంఖ్యం తెలిసిన ఒకరిద్దరు పురుషుడికి జోడీగా వచ్చే ప్రకృతి అనుకున్నారు. పోనీ ‘స్వభావం’ అందామంటే కోపిష్టి స్వభావం, మెతక స్వభావం గుర్తొస్తాయి. తోమాసు అక్వినాసు (1225–1274) అరిస్టాటిల్ దగ్గర తీసుకున్న అర్థం ఈ మూడూ కాదు. ఒక వస్తువు కదలడానికీ నిలవడానికీ దాని లోపలే ఉన్న మూలం అది. ‘నైజం’ దగ్గరగా వస్తుంది. (నైజాం అని చదివి నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ ప్రాంతంలో తప్పదు.)

ఫాదర్ దీన్ని నిర్వచనంతో కాక కొత్తవాడ జంపుఖానాతో చెప్పారు, పాఠం అక్కడ లేచింది. దేనితో నేశారు? నూలుతో. ఏ రూపంలో? ఆ చారలూ ఆ డిజైనూ. ఎవరు? నేతన్న. దేనికి? పరుచుకుని కూర్చోవడానికి. నాలుగు ప్రశ్నలకు నాలుగు కారణాలు. ఇప్పుడు జంపుఖానా తీసి పత్తి మొక్కను పెట్టండి. జంపుఖానాకు నేతన్న బయట ఉన్నాడు. మొక్కను మొక్కగా పెంచేది మొక్కలోనే ఉంది. మంచాన్ని పాతిపెడితే మొలిచేది కర్రే గాని మంచం కాదని అరిస్టాటిల్ దగ్గర వచ్చే మాట ఇందుకే.

నాలుగో ప్రశ్న దగ్గర జారేవాళ్లు ఎక్కువ. ‘దేనికి’ అనగానే గింజకు ఏదో కోరిక ఉందనుకుంటారు, లేదా దేవుడు పక్కన నిలబడి తోస్తున్నాడనుకుంటారు. రెండూ కాదు. అడ్డం రాకపోతే పత్తి గింజ ప్రతిసారీ పత్తి మొక్క వైపే పెరుగుతుంది, చెప్పేది అంతవరకే. దూది సంగతి తీసుకోండి: మనకు అది బట్ట, మొక్కకు అది గింజ మీద మొలిచిన నూగు, గింజ చెదిరి దూరం పోవడానికి. రైతు ‘దేనికి’ వేరు, పత్తి ‘దేనికి’ వేరు. ప్రతి ప్రాణికీ తనదైన మంచి ఉందని కథోలిక సత్యోపదేశం (కథోలిక చర్చి అధికారిక బోధనల పుస్తకం) 339వ పేరాలో అన్నది ఇలా చూస్తేనే అర్థమవుతుంది. పదో వారం దాకా ఈ ఉదాహరణ గుర్తుంచుకోండి.

రెండో వారం ‘ఆనిమా’కు ఆత్మ అని వేశారు. “చెట్టుకు ఆత్మ ఉంటదా ఫాదర్?” అని వెనక వరస నుంచి రావలసిన ప్రశ్నే వచ్చింది. కొట్టేసి ‘ప్రాణం’ అని రాసుకోమన్నారు, చిక్కు విడిపోయింది. మొక్క ప్రాణం పెరుగుతుంది, జంతువు ప్రాణం పెరగడమే కాక పసిగడుతుంది, మనిషి ప్రాణం ఈ రెండూ చేస్తూ ఆలోచిస్తుంది. మనిషిలో ఉన్నవి మూడు ప్రాణాలు కావు, ఒక్కటే. ఈ ముక్క కాగితంలో లేదు, రాసుకోండి.

మూడో వారం ‘హాబితూస్’ను ‘అలవాటు’ చేశారు. పళ్లు తోముకోవడం అలవాటే, ధ్యాస లేకుండా జరిగిపోతుంది. అక్వినాసు చెప్పేది ధ్యాస పెట్టి, బాగా, సులువుగా, ఇష్టంగా చేయగలగడం. దానికి మన దగ్గర ‘ఒడుపు’ ఉంది: ఈతలో ఒడుపు, నాట్లలో ఒడుపు. (చేతివాటం అనకండి, అర్థం జేబుల వైపు పోతుంది.) ఒడుపు చేయగా చేయగా వస్తుంది, వచ్చాక పని తేలికవుతుంది, మానేస్తే సడలుతుంది. సుగుణం సంగతీ అంతే. ‘పుణ్యం’ అని రాసుకున్నవాళ్లు మాత్రం దారి తప్పారు: పుణ్యం ఖాతాలో పడేది, సుగుణం మనిషిలో కుదిరేది.

అన్నిట్లోకీ నాలుగో వారం మేలు. వివేకం ఒక్కటే పాఠం, ఉదాహరణ కూడా ఒక్కటే: ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలిన రైతు ఈ రోజు ధరకు అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? వివేకానికి అక్వినాసు మూడు పనులు చెప్పాడు. మొదటిది ఆలోచన చేయడం: స్టోరేజీ అద్దె ఎంత, అప్పు మీద వడ్డీ ఎంత, కాయలో తేమ ఎంత, గత రెండు మూడేళ్లు ఇదే నెలల్లో ధర ఎటు పోయింది, తెలిసినవాళ్లు ఏమంటున్నారు. రెండోది తేల్చుకోవడం. మూడోది తేల్చుకున్నది చేయమని తనకు తానే ఆజ్ఞ ఇచ్చుకోవడం. ముఖ్యమైనది ఈ మూడోదే అంటాడాయన. ‘ఏం చేయాలో తెలుసు గానీ చేయలేదు’ అనేవాడికి తెలివి ఉండొచ్చు, వివేకం లేదు.

పని ఎక్కడ చెడుతుందో కూడా అదే వరసలో ఉంది. మొదటి మెట్టు దాటేసి దూకితే తొందరపాటు. లెక్కలోకి రావలసినదాన్ని చూడకుండా తేలిస్తే పట్టింపులేనితనం. పొద్దున తేల్చింది మధ్యాహ్నానికి మార్చేస్తే నిలకడలేమి. ఇంటిపని కింద ఎవరి నిర్ణయం వాళ్లు రాసుకుని, చెడింది ఏ మెట్టు దగ్గరో గుర్తు పెట్టమన్నారు. ఈ ఒక్క కాగితానికే 500 ఇవ్వొచ్చు. ఇక బరువు కోసం కాయ మీద నీళ్లు చల్లడం ఉందే, ఎంత నేర్పుగా చల్లినా అది వివేకం పద్దులో పడదు. గురి చెడ్డదైతే ఎంత నేర్పైనా జిత్తే అవుతుంది. ‘లౌక్యం’ అని అనువదిస్తే సరిగ్గా ఈ గీతే చెరిగిపోతుంది. పైగా తడిసిన కాయకు బూజు పడుతుంది, అది వేరే నష్టం.

అయిదో వారం సుగుణం రెండు అతుల మధ్య ఉంటుందన్న పాఠం, పర్వాలేదు. మధ్య అంటే సగానికి సగం కాదు. పది పాళ్ల తిండి ఎక్కువ, రెండు పాళ్లు తక్కువ అయినంత మాత్రాన అందరికీ ఆరు పాళ్లు పెట్టలేం; పహిల్వానుకు అది చాలదు. ఈ లెక్క దేవుణ్ని ప్రేమించడానికి వర్తించదని, అక్కడ ‘ఎక్కువ’ అనేది లేదని అక్వినాసు విడిగా చెప్పాడు. క్లాసులో అది జారిపోయింది.

ఇక తప్పుదారి పట్టించిన మొదటిది, ఆరో వారం. కాగితం మీద శీర్షిక ‘సహజ న్యాయం’. కోర్టు మొహం చూసిన ఎవరికైనా ఆ మాటకు అర్థం వేరే ఉంది: రెండో పక్షం వాదన వినాలి, తన కేసుకు తానే తీర్పరి కాకూడదు. హాల్లో ఉన్న లాయర్లు అరగంట ఆ దారినే పోయారు, వాళ్ల తప్పు కాదు. అక్వినాసు చెప్పేది వేరు. మంచిని చేయాలి, చెడును మానాలి అన్నది మొదటి సూత్రం. తర్వాత మనిషి నైజంలోని మొగ్గులు: బతికి ఉండాలనుకోవడం, పిల్లల్ని కని పెంచడం, సత్యం తెలుసుకుని నలుగురితో కలిసి బతకడం. క్లాసులో ఇవి చేయకూడని పనుల పట్టీలాగా తయారయ్యాయి. అసలు పట్టు ఎక్కడుందంటే, పైసూత్రం ఎంత గట్టిదైనా విడి సందర్భానికి దిగేకొద్దీ తప్పొచ్చని ఆయనే ఒప్పుకుంటాడు. దాచమని ఇచ్చింది తిరిగి ఇవ్వాలి. కానీ ఇచ్చినవాడు దాన్ని తీసుకుని దేశం మీదికే పోరుకు పోతానంటే? ఈ ఉదాహరణ లేకుండా ఆ వారం పాఠం చెప్పకూడదు.

ఏడో వారం సిస్టర్ గారిది. బ్రనో ఊరి మఠంలో ఉండే మెండెల్ 1866లో అచ్చేసిన బఠానీ లెక్క బోర్డు మీద వేశారు: గుండ్రటి గింజలు 5,474, ముడతలవి 1,850, అంటే 2.96కు ఒకటి. తర్వాత ఒక్కొక్కరికి రెండు రూపాయి బిళ్లలు, 40 సార్లు ఎగరేయాలి. రెండూ బొరుసు పడితే ముడత గింజ. నలభైలో పావు వంతు, అంటే పది రావాలి. ఒకరికి ఏడు, ఒకరికి పదమూడు వచ్చాయి, ‘తప్పింది’ అని గోల. 40 మీద అంత తేడా మామూలే. హాలందరివీ కలిపితే పావు వంతు దగ్గరికి చేరుతుంది. యాదృచ్ఛికం ఉన్నంత మాత్రాన దైవ సంకల్పం లేనట్టు కాదని అక్వినాసు అన్నమాటను ఆమె అక్కడ పెట్టారు. చోటు సరిగ్గా కుదిరింది.

ఎనిమిదో వారం అదే ఊపులో పోతుందనుకుంటే, స్లైడు మీద ‘శ్రీసభ (అంటే కథోలిక చర్చి) ఎన్నడూ సైన్సుకు అడ్డు రాలేదు’ అని పడింది. 1616లో కోపర్నికస్ పుస్తకాన్ని దిద్దేదాకా ఆపేశారు. 1633లో గెలీలియోకు శిక్ష వేశారు, 1642లో చనిపోయేదాకా ఆయన ఇంటి నిర్బంధంలోనే ఉన్నాడు. 1992లో రెండో జాన్ పాల్ పోపు గారు ఆనాటి తీర్పరుల పొరపాటును బాహాటంగా ఒప్పుకున్నారు. పోపు గారు ఒప్పుకున్నదాన్ని హాల్లో దాచడమెందుకు?

దాని వెనకే ఇంకో పొరపాటు: బిగ్ బ్యాంగ్ అంటే సృష్టి రుజువైనట్టే అన్నారు. విశ్వం విస్తరిస్తోందని 1927లో లెక్క కట్టి, 1931లో బిగ్ బ్యాంగ్‌కు తొలి రూపమైన ‘ఆదిమ అణువు’ అన్న ఊహ పెట్టిన లెమైత్ర్ స్వయంగా కథోలిక ఫాదరే. 1951లో పన్నెండో పయస్ పోపు గారు ఆ దిశగా మాట్లాడితే అలా ముడిపెట్టొద్దని జాగ్రత్త చెప్పింది కూడా ఈ లెమైత్రే. విశ్వానికి మొదలుందని తర్కంతో రుజువు చేయలేమని, అది విశ్వాసంతో తెలిసేదని అక్వినాసు ఏడు వందల ఏళ్ల ముందే రాసి ఉన్నాడు. ఆయన లెక్కలో సృష్టి అంటే ఎప్పుడో జరిగిన పేలుడు కాదు, ఈ క్షణం కూడా సర్వమూ దేవుని మీద ఆధారపడి ఉండటం. ఇక్కడ మాట తప్పు కూడా కాదు, పాఠమే తప్పు.

తొమ్మిదో వారం ధన్యత, అంటే మనిషి బాగుండటం. డబ్బు, గౌరవం, కీర్తి, అధికారం, ఒంటి బాగు, సుఖం, మనసు సంపద, చివరికి సృష్టిలోని ఏ మంచైనా – ఎనిమిదింటినీ వరసగా నిలబెట్టి ఏదీ మనిషికి ఆఖరి గమ్యం కాలేదని ఒక్కో కారణంతో అక్వినాసు తోసేస్తాడు. డబ్బును తోసే కారణం చాలా పొట్టిది: అది ఇంకోదాని కోసం కావలసినది. ‘బాగుపడ్డాడు’ అంటే మన దగ్గర ఇల్లు కట్టాడనే కదా అర్థం. ఆ మాట చుట్టూ చర్చ బాగా సాగింది, టీ చల్లారిపోయింది.

పదో వారం 2015 మే 24 తేదీతో ఫ్రాన్సిస్ పోపు గారు రాసిన పర్యావరణ విశ్వలేఖ. 246 పేరాలను గంటా ముప్పావులో చెప్పడం అయ్యే పని కాదు. నీళ్ల మీద 27 నుంచి 31 దాకా పేరాలు తీసుకుని, అదే ఏడాది మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతతో కలిపి గొలుసుకట్టు చెరువుల గురించి మాట్లాడారు: పై చెరువు మత్తడి పోస్తే కింది చెరువు నిండుతుంది, పైవాడు కట్ట పెంచుకుంటే కిందివాడు ఎండుతాడు. ఉమ్మడి మంచికి ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు. ప్రతి ప్రాణికీ తనదైన మంచి ఉందన్న పత్తి గింజ పాఠాన్ని మాత్రం ఎవరూ గుర్తు చేయలేదు.

మైకు వెనక వరసకు వినపడదు, ముందు కూర్చోండి. కాగితాల్లో అక్షరం మరీ చిన్నది. తర్వాతి బ్యాచ్ తపస్సు కాలం (ఈస్టర్‌కు ముందు నలభై రోజులు) అయ్యాక. చేరితే ఎర్ర పెన్ను ఒకటి వెంట తీసుకుపోండి: ‘ప్రకృతి’ ఉన్నచోట నైజం, ‘అలవాటు’ ఉన్నచోట ఒడుపు, ఆరో వారం శీర్షిక కొట్టేసి ‘నైజ ధర్మం’.