పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి కొత్త పని నేర్పాలంటే: తప్పులు చేస్తూ నేర్చుకోనివ్వాలా, చేసి చూపించాలా? ఏది మేలు?

పార్కిన్సన్స్ అనగానే అందరి చూపూ చేతి వణుకు మీదే ఉంటుంది. 1817లో ఈ జబ్బు గురించి వివరంగా రాసిన జేమ్స్ పార్కిన్సన్ కూడా తెలివితేటలకి ఏమీ కాదనే రాశాడు. అది నిజం కాదని తర్వాత తేలింది. చాలామందిలో ఏళ్లు గడిచేకొద్దీ ఆలోచన నెమ్మదిస్తుంది, రెండు పనులు ఒకేసారి చేయలేరు, కొందరికి డిమెన్షియా (రోజువారీ పనులకి అడ్డొచ్చేంతగా మతి, ఆలోచన తగ్గిపోవడం) దాకా వెళ్తుంది. సిడ్నీలో పేషంట్లను 20 ఏళ్లు గమనిస్తే, అప్పటికి బతికున్నవాళ్లలో 83 శాతం మందికి డిమెన్షియా వచ్చిందన్న లెక్క ఒకటుంది. అది చూసి బెంబేలెత్తిపోవద్దు, అది 20 ఏళ్ల తర్వాత, అదీ బాగా వయసు మీదపడినవాళ్ల సంగతి. మొదటి పదేళ్ల లెక్క వేరు, అంతకన్నా తక్కువ.

సరే, ఇంట్లోవాళ్లకి రోజూ ఎదురయ్యే తలనొప్పి ఇది. కొత్త ఫోనో, మాత్రల డబ్బానో, వాకరో వస్తుంది. "మీరే నొక్కి చూడండి, అదే వస్తుంది" అని వదిలేయాలా? పక్కన కూర్చుని ఒక్కో మెట్టూ చూపించాలా?

మామూలు మనిషికైతే మొదటిదే బాగా పనిచేస్తుందని అంటాం. పార్కిన్సన్స్‌లో సరిగ్గా అక్కడే దెబ్బ పడుతుంది. ఒక పని చేశాక "ఇది కుదిరింది, అది కుదరలేదు" అన్న కబురు మెదడు లోపల స్ట్రయేటమ్ అనే భాగానికి చేరేది డోపమైన్ అనే రసాయనం ద్వారానే, ఈ జబ్బులో తగ్గిపోయేదీ అదే. 1996లో వచ్చిన ఒక ప్రయోగంలో కార్డులు చూపించి వాన వస్తుందా, ఎండ కాస్తుందా చెప్పమన్నారు, ప్రతిసారీ తప్పో ఒప్పో చెప్పేవారు. పార్కిన్సన్స్ వాళ్లకి ఆ పని పట్టుబడలేదు, కానీ ఆ రోజు ఏం జరిగిందో అడిగితే చక్కగా చెప్పారు. జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నవాళ్లలో సరిగ్గా తిరగబడింది: పని వచ్చేసింది, కూర్చుని చేసిన సంగతి గుర్తులేదు! 2004లో ఇలాంటి పనినే మరోలా పెట్టి చూశారు. జవాబు ఊహించమనకుండా, కార్డులూ ఫలితమూ పక్కపక్కన చూపించారు. అప్పుడు పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు మిగతావాళ్లతో సమానంగానే నేర్చుకున్నారు.

అంటే నేర్చుకునే శక్తి పోలేదు, దారి మారిందంతే.

అందుకే నా ఓటు చేసి చూపించడానికే. వీడియో కాల్ నేర్పుతున్నారనుకోండి. వణికే వేలు ఒకసారి నొక్కబోయి రెండుసార్లు తగులుతుంది, స్క్రీన్ మారిపోతుంది, ఎక్కడున్నారో అర్థంకాక చేయి ఆగిపోతుంది. ఈలోగా మనం "అది కాదు, అది కాదు" అంటూ పక్కన టెన్షన్ పెంచుతాం. దానికన్నా మనం ఒకసారి మొత్తం చేసి చూపించి, "1. ఫొటో నొక్కు, 2. కెమెరా బొమ్మ నొక్కు, 3. ఆగు" అని పెద్ద అక్షరాలతో ఒక చీటీ రాసి ఫోన్ వెనకాల అంటించేస్తే సగం గొడవ తీరిపోతుంది. చాలామందికి విషయం బుర్రలోనే ఉంటుంది, బయటికి లాగడమే కష్టం. చిన్న ఆధారం దొరికితే గుర్తొచ్చేస్తుంది. నడకలో అడుగు అంటుకుపోయేవాళ్లకి నేలమీద గీతలు, లెక్కపెట్టి వేసే అడుగులు సాయం చేస్తాయి, అదీ ఈ కోవలోదే.

ఇందులో మాత్రల టైమ్ సంగతి మరిచిపోకూడదు. మందు పనిచేస్తున్న "ఆన్" సమయంలో నేర్పితే ఒళ్లూ మాట వింటుంది. 2004లోనే మరో ప్రయోగంలో ఇంకో విచిత్రం తేలింది: మందు వేసుకున్నప్పుడు మంచి ఫలితం వచ్చినదాన్నుంచి బాగా నేర్చుకున్నారు, మందు లేనప్పుడు చెడు ఫలితం నుంచి. దీన్నిబట్టి నాకు తోచేదేమిటంటే, మందు మీదున్న మనిషిని తప్పు పట్టుకుని కసిరితే బుర్రకెక్కేది తక్కువ, కుదిరినప్పుడు "అదీ!" అంటే ఎక్కువ.

మరి తప్పులు చేయనివ్వడం పూర్తిగా దండగా? కాదు. జబ్బు మొదట్లో, మనిషి హుషారుగా ఉంటే, ముఖ్యంగా "నన్ను చిన్నపిల్లని చేస్తున్నారు" అని నొచ్చుకునే రకమైతే, కాసేపు వాళ్లనే తంటాలు పడనివ్వడం మేలు. చిక్కుకున్నాక అందించడం మన పని, ముందే లాగేసుకోవడం కాదు.

మెదడుకి పదునుపెడతామనే ఆటల యాప్‌ల మాట కూడా అడుగుతారు. ఆడితే నష్టం లేదు, ఆటలో స్కోరు పెరుగుతుంది కూడా. ఆ మెరుగు రోజువారీ పనులకి పాకుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆ అరగంట ఒళ్లు కదిలే వ్యాయామానికి ఇస్తేనే నయం.

ఇంకొకటి. నిన్నటిదాకా వచ్చినది ఉన్నట్టుండి రాకపోతే నేర్పే పద్ధతి మార్చేముందు మాత్రల చీటీ చూడండి. వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ లాంటి మందులు పెద్ద వయసువాళ్లలో మతిమరుపు, తికమక తెస్తాయి. ఇన్ఫెక్షన్ వచ్చినా అలాగే అవుతుంది. మందు వల్లే అనిపించినా సొంతంగా ఆపేయకండి, ఒక్కసారిగా మానేస్తే వేరే ఇబ్బందులొస్తాయి. న్యూరాలజిస్ట్‌ని అడిగి మెల్లగా తగ్గించాలి.