ఇంగ్లండ్ సీబీటీ పీజీ డిప్లొమా: అసలు పరీక్ష రికార్డింగ్ దగ్గరే

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ అందించే మానసిక చికిత్స సేవ 'టాకింగ్ థెరపీస్' కోసం నడిపే ఈ సీబీటీ (ఆలోచనలు, ప్రవర్తన మీద పనిచేసే మానసిక చికిత్స) కోర్సు ఏడాది పాటు ఉంటుంది, కొంత యూనివర్సిటీలో, ఎక్కువ క్లినిక్‌లో. సీబీటీ థెరపిస్టులకు గుర్తింపునిచ్చే బ్రిటన్ సంస్థ బీఏబీసీపీ గుర్తింపు కావాలంటే 8 కేసులు, సూపర్‌విజన్ (పర్యవేక్షణ) కింద 200 గంటల థెరపీ చూపించాలి.

దీని బలమంతా సెషన్ రికార్డింగుల్లో ఉంది. వాటిలో థెరపిస్టు నైపుణ్యానికి మార్కులు వేసే సీటీఎస్-ఆర్ స్కేలులో 12 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 6 మార్కులు. సాధారణంగా 72కి 36 వస్తే పాస్. ఎక్కువమంది తడబడేది గైడెడ్ డిస్కవరీలో, అంటే ప్రశ్నలతో క్లయింటే తెలుసుకునేలా చేయడంలో. "అందరూ నన్నే చూస్తున్నారు" అని క్లయింట్ అనగానే "అలాంటిదేమీ ఉండదులెండి" అని సర్దిచెప్పేస్తారు. "చూస్తున్నారని ఎలా తెలిసింది? ఆ క్షణంలో మీ ధ్యాస ఎక్కడుంది?" అని అడగాలి. హోంవర్కును చివరి రెండు నిమిషాల్లోకి నెట్టడం మరో పొరపాటు. అలా ఇచ్చింది క్లయింట్ చేసుకు రావడం అరుదు. కనీసం పది నిమిషాలు మిగుల్చుకోండి.

తెలుగు క్లయింట్లతో పనిచేసేవాళ్లు ఒకటి గమనించాలి: థాట్ రికార్డులో (ఆలోచనలు, భావాలు విడివిడిగా రాసుకునే పట్టిక) ఆలోచన గడిలో "భయమేసింది" అని రాసుకొస్తారు. భావాన్నీ ఆలోచననీ విడదీయడానికే ఒక సెషన్ పట్టవచ్చు. అది వృథా కాదు.

ఈ కోర్సు నేర్పే తీరు అద్భుతం. అయితే భారత్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ విడిగా ఉండాల్సిందే.