30 సెంటీమీటర్ల గ్లోబు: కొనేముందు ఈస్టర్ ద్వీపం వెతకండి

విశాఖ ద్వారకానగర్ పుస్తకాల షాపుల్లో పిల్లల కోసం ఎక్కువగా కొనే సైజు ఇది. గ్లోబు మంచిదో కాదో ఇండియాను చూసి తేల్చకండి, అక్కడ ప్రింటర్లందరూ జాగ్రత్తపడతారు. తిప్పి దక్షిణ పసిఫిక్‌లో ఈస్టర్ ద్వీపం, అంటే రాపానుయి, చూడండి.

ఈ సైజులో (30 సెంటీమీటర్ల వ్యాసం) సెంటీమీటరుకి సుమారు 425 కిలోమీటర్లు. ద్వీపం మొత్తం 163 చదరపు కిలోమీటర్లే, మన విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ) పరిధిలో మూడో వంతు కూడా లేదు. అందుకే చుక్క తప్ప ఆకారం కనబడదు. ఆ చుక్క మకరరేఖకు సెంటీమీటరు కింద, పశ్చిమ 105 డిగ్రీల గీతకు సెంటీమీటరు ఎడమన పడాలి. దారం బిగించి పట్టి కొలిస్తే చిలీ తీరానికి 8 సెంటీమీటర్ల పైచిలుకు (3,500 కి.మీ.), పిట్‌కెయిర్న్ దీవికి దాదాపు 5, విశాఖకి 43 రావాలి. గ్లోబు సగం చుట్టు 47 కదా, అంటే ఆ ద్వీపం దాదాపు మన కాళ్ల కిందే ఉందన్నమాట!

నేను చూసిన గ్లోబులో చిలీ దూరం సరిపోయింది. పిట్‌కెయిర్న్‌కి మాత్రం పేరు వేసి చుక్క మర్చిపోయారు. విశాఖ దారం అయితే తప్పకుండా పట్టి చూడాలి. రెండు అర్ధగోళాలను అతికించేది భూమధ్యరేఖ దగ్గరే, దారం దాన్ని దాటే వెళ్తుంది. అతుకు 2 మిల్లీమీటర్లు జరిగితే 85 కిలోమీటర్ల తేడా. గోడ మ్యాపు కన్నా ఇదే నయం: అందులో న్యూజిలాండ్ కుడి చివర, హవాయి, రాపానుయి ఎడమ చివర పడి, ఈ మూడూ మూలలుగా ఉన్న పాలినేషియా దీవుల త్రికోణం రెండు ముక్కలవుతుంది.

వెంట ఇచ్చే చిన్న పుస్తకం మాత్రం నాసిరకం. 1722 ఈస్టర్ రోజున డచ్ నావికుడు రొగ్గెవీన్ రావడం, మోయై విగ్రహాలు, చెట్లు నరికేశారన్న మాట, అంతే. 1862లో పెరూ నుంచి వచ్చినవాళ్లు జనాన్ని బానిసలుగా పట్టుకుపోవడం, తిరిగొచ్చిన కొద్దిమందితో మశూచి రావడం, 1877 నాటికి 111 మందే మిగలడం, 1888లో చిలీ కలుపుకోవడం లేవు. దీవిలో చాలాభాగం 1953 దాకా గొర్రెల కంపెనీ చేతిలో ఉండేదన్నదీ లేదు. పిల్లలకి ఇవి మీరే చెప్పుకోవాలి.

స్టాండు ప్లాస్టిక్‌ది తీసుకోండి, బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఇనుప చట్రం ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడుతుంది. డిస్‌ప్లే పీసు చూసి డబ్బు కట్టెయ్యకండి. మీకిచ్చే డబ్బా విప్పించి ఆ గ్లోబు మీదే దారం పట్టండి. విప్పనంటే పక్క షాపు చూసుకోవచ్చు.